లెక్క ఎవరి చేతిలో ఉంది? – జూరా దీవిలో ఆర్వెల్ గృహదినచర్య, ‘1984’ నవల

జార్జ్ ఆర్వెల్ చివరి నవల ‘1984’ గురించి రాసినవారిలో ఎక్కువమంది ఆ నవల పుట్టిన చోటును ప్రస్తావించకుండా ఉండలేదు. స్కాట్లాండ్ పడమటి తీరానికి ఆవల ఇన్నర్ హెబ్రిడీస్ దీవుల్లో ఒకటైన జూరా. ఆ దీవి ఉత్తరపు కొసన బార్న్‌హిల్ అనే ఒంటరి ఇల్లు. ఆ ఇంట్లో భార్యను పోగొట్టుకున్న ఒక క్షయరోగి. ఈ మూడింటినీ ఒకచోట చేర్చిన తరువాత నవలలోని చీకటికి మరో కారణం వెతకవలసిన అవసరం కనబడదు. ఏకాంతం, వ్యాధి, మృత్యుభయం కలిసి నవలగా రూపొందాయన్న నిర్ణయం తనంత తానుగా వచ్చి కూర్చుంటుంది. రచయిత నివాసం మారితే రచన స్వభావమూ మారి తీరాలన్న ఈ ఊహ తెలుగు విమర్శకూ పరిచితమే. 1950లో చలం అరుణాచలం చేరిన సంగతిని ఆయన సాహిత్యానికి అడ్డగీతగా వాడుకునే అలవాటు మనకు ఉంది.

జూరాకూ నవలకూ సంబంధం ఉన్నమాట నిజం. అయితే ఆ సంబంధం సాధారణంగా చెప్పే చోట లేదు. బార్న్‌హిల్‌లో ఆర్వెల్ చేతి కింద రెండు దినచర్యలు సాగాయి. ఒకటి ఆయన సొంత గృహదినచర్య. రెండోది నవలలో విన్‌స్టన్ స్మిత్ చేత రాయించినది. మొదటిదాన్ని జీవితచరిత్రకారులు వివరాల కోసం తవ్వుకున్నారు; రెండోదాన్ని విమర్శకులు ఇతివృత్తంలో భాగంగా చర్చించారు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చదివితే, దీవిలో గడిచిన ఆ మూడేళ్లు నవలకు ఏమి ఇచ్చాయన్న ప్రశ్నకు వేరే సమాధానం దొరుకుతుంది.

వానప్రస్థమా, గార్హస్థ్యమా?

హెబ్రిడీస్‌లో ఒక దీవి తనదై ఉండాలన్న కోరిక ఆర్వెల్‌కు క్షయ బయటపడిన తరువాత పుట్టింది కాదు. 1940 జూన్‌లో, ఫ్రాన్స్ పతనమవుతున్న రోజుల్లో రాసుకున్న యుద్ధకాలపు దినచర్యలోనే అది కనిపిస్తుంది. ఆ దీవిని బహుశా ఎన్నటికీ చూడలేనన్న నిరాశ కూడా దానితోపాటే ఉంది. 1944 జూన్‌లో ఆర్వెల్ దంపతులు రిచర్డ్ అనే పసివాణ్ణి దత్తత తీసుకున్నారు. 1945 మార్చి 29న భార్య ఐలీన్ శస్త్రచికిత్స బల్ల మీదే మరణించింది. అదే ఏడు ఆగస్టు 17న ‘యానిమల్ ఫామ్’ వెలువడి ఆయనకు మొదటిసారిగా చెప్పుకోదగ్గ ఆదాయం తెచ్చింది. ‘అబ్జర్వర్’ పత్రిక సంపాదకుడు డేవిడ్ ఆస్టర్ కుటుంబానికి జూరాలో భూములున్నాయి. ఆ పరిచయంతో 1945 సెప్టెంబరులో దీవిని చూసి వచ్చిన ఆర్వెల్, 1946 మే 23న బార్న్‌హిల్‌లో అడుగుపెట్టాడు.

దీవి పొడవు సుమారు 30 మైళ్లు. అప్పటి జనాభా దాదాపు 300. జింకలు మాత్రం వేలల్లో ఉండేవి. తూర్పు తీరం వెంట ఒకే ఒక రోడ్డు. అది ఆర్డ్‌లుసా దాటాక క్షీణించి, చివరి మైళ్లలో బండి కుదుపులకు విరిగిపోయే బాటగా మారుతుంది. దుకాణం ఉన్న క్రెయిగ్‌హౌస్ ఇంటికి 25 మైళ్ల దూరం. ఇంటికి విద్యుత్తు లేదు, టెలిఫోను లేదు. కిరోసిన్ దీపాలు, పొయ్యిలోకి నేలలోంచి తవ్వి ఎండబెట్టుకున్న పీటు మట్టి గడ్డలు.

ఈ వర్ణన విన్న భారతీయ పాఠకుడికి ‘వానప్రస్థం’ అన్న మాట తోచడం సహజం. కానీ వానప్రస్థుడు ఇల్లు విడిచి వెళతాడు. ఆర్వెల్ జూరాకు ఇల్లు కట్టుకెళ్లాడు. చెల్లెలు ఆవ్రిల్ వచ్చి ఇంటి బాధ్యత తీసుకుంది. రెండేళ్ల పిల్లవాడు వచ్చాడు. కోళ్లు వచ్చాయి, తోట వచ్చింది, చేపల వేటకు పడవ వచ్చింది. లండన్‌లో ఉన్నవాడు 1947 కొత్త సంవత్సరం వేళ, నడిశీతకాలంలో, పండ్ల మొక్కలు నాటడానికే దీవికి తిరిగి వచ్చాడు. కాపుకు ఏళ్లు పట్టే మొక్కలవి. మరో యుద్ధం వస్తుందని ఆయన నమ్మాడు. బాంబు వేయడానికి కూడా పనికిరాని చోట కొన్ని పశువులతో ఒక ఇల్లు ఉండడమే మిగిలిన ఆశ అన్న ధోరణి ఆయన లేఖల్లో ఉంది. దీన్ని నిర్వేదమనవచ్చునేమో గాని, వైరాగ్యమనడానికి వీలులేదు. ఆస్పత్రుల్లోను, లండన్‌లోను గడిపిన కాలం తీసివేస్తే జూరాలో ఆయన జీవితం ముదిరిన గార్హస్థ్యమే.

కోడిగుడ్ల పద్దు

గృహదినచర్యను సాహిత్యంగా ఆశించి తెరిచినవారికి నిరాశ తప్పదు. గాలి ఏ దిక్కు నుంచి వీచింది, సముద్రం ఎలా ఉంది, కోళ్లు ఎన్ని గుడ్లు పెట్టాయి, వాటితో మొత్తం ఎంతయింది, ఎన్ని చేపలు పడ్డాయి, ఏ మొక్క మొలిచింది, దేన్ని జింకలు మేశాయి, కిరోసిన్ పీపా ఎప్పుడు తెరిచారు – ఇవే దానిలోని విషయాలు. నవల ఎంతవరకు వచ్చిందన్న మాట దాదాపు ఉండదు. దుఃఖం లేదు, ఆత్మపరిశీలన లేదు. దినచర్య అన్న ప్రక్రియకన్నా మన ఇళ్లలో గూట్లో పెట్టుకునే పద్దుపుస్తకానికి ఇది దగ్గర. సొంత జబ్బును కూడా ఆర్వెల్ ఆ పద్దులోనే వేశాడు. 1948 శరత్కాలపు నమోదుల్లో పక్కలో నొప్పి, రాత్రి జ్వరపు అంకె, వానా గాలీ వివరాల పక్కనే అదే స్వరంతో నిలబడతాయి.

ఈ పుస్తకం లక్షణాన్ని తెలిపే సంగతి మరొకటి ఉంది. 1947 డిసెంబరులో ఆర్వెల్‌ను గ్లాస్గో సమీపంలోని హెయిర్‌మైర్స్ ఆస్పత్రికి తరలించిన తరువాత దినచర్య ఆగిపోలేదు. కొన్ని నెలలపాటు చెల్లెలు ఆవ్రిల్ అందులో రాసింది. వాతావరణం, పశువులు, తోటపనులు అదే వరుసలో కొనసాగాయి. ఒకరి ఆంతరంగిక దినచర్యను ఇంకొకరు అందుకొని రాయడం ఊహించలేము. పద్దుపుస్తకాన్ని మాత్రం ఇంట్లో ఎవరైనా రాయగలరు, ఎందుకంటే అందులోని సత్యం రాసేవారి మనసులో ఉండదు, గంపలో ఉంటుంది. ఐదు గుడ్లని అన్న రాసినా చెల్లెలు రాసినా గంపలో ఉన్నవి ఐదే.

ఇప్పుడు విన్‌స్టన్ పుస్తకాన్ని తెరవాలి. పాతసామాన్ల దుకాణంలో దొంగతనంగా కొన్న, మీగడ రంగు నునుపు కాగితాల పుస్తకమది. టెలిస్క్రీన్ కంటపడని మూల కూర్చొని అతడు మొదట తేదీ వేస్తాడు: 1984 ఏప్రిల్ 4. వేసిన మరుక్షణమే ఆ ఏడాది నిజంగా 1984 అవునో కాదో తనకు తెలియదన్న నిస్సహాయత అతణ్ణి కమ్ముతుంది. తన వయసు 39 అని దాదాపు నమ్మకం. పుట్టింది 1944లోనో 1945లోనో అని ఊహ. తేదీ దగ్గరే కాలుజారిన దినచర్య అది. ఆ తరువాత వచ్చేది సినిమాలో చూసిన దృశ్యాల విరామచిహ్నాలు లేని ప్రవాహం, ఆపైన నినాదాల పునరావృత్తి. రాసింది ఎవరైనా చూశారేమో కనిపెట్టడానికి అట్ట మూలన ఒక ధూళి రేణువును ఉంచుతాడు. ఆవ్రిల్ చేతికి అందిన పుస్తకానికీ, ధూళి కణం కాపలా ఉన్న ఈ పుస్తకానికీ మధ్య దూరమే నవల కొలిచిన దూరం.

పగలు విన్‌స్టన్ చేసే పని కూడా లెక్కలకు సంబంధించినదే. సత్య మంత్రిత్వ శాఖలో అతడు పాత పత్రికలను సవరిస్తాడు. ఒక త్రైమాసికంలో 14.5 కోట్ల జతల బూట్లు తయారవుతాయని సమృద్ధి మంత్రిత్వ శాఖ మొదట అంచనా కట్టింది. తయారైనవి 6.2 కోట్లని ప్రకటించింది. విన్‌స్టన్ పాత అంచనాను 5.7 కోట్లకు దించి రాస్తాడు, ఉత్పత్తి లక్ష్యాన్ని మించినట్లవుతుంది. ఈ మూడు అంకెల్లో ఏదీ మిగతా రెండింటికన్నా సత్యానికి దగ్గర కాదని, అసలు ఒక్క జత కూడా తయారయిందో లేదో ఎవరికీ తెలియదని, తెలుసుకోవాలన్న ఆసక్తి కూడా ఎవరికీ లేదని కథనం తేల్చి చెబుతుంది. దేశంలో సగంమంది చెప్పుల్లేకుండా తిరుగుతుంటారు. అబద్ధం చెప్పడానికైనా నిజమేమిటో ఒకరికి తెలిసి ఉండాలి. ఓషియానియాలో ఆ స్థితి కూడా దాటిపోయింది. అంకె దేనినీ లెక్కించదు.

ఇక్కడ ఒక అభ్యంతరానికి సమాధానం చెప్పవలసి ఉంది. గుడ్ల లెక్క జూరాలో మొదలైంది కాదు. 1938 నుంచి ఆర్వెల్ ఇలాంటి గృహదినచర్య రాస్తూనే ఉన్నాడు. మొరాకోలో ఉన్నప్పుడూ, వాలింగ్‌టన్ పల్లెలో కాపురమున్నప్పుడూ కోళ్లూ గుడ్లూ అందులో ఉన్నాయి. అందుచేత దీవి ఈ అలవాటును పుట్టించిందనడం పొరపాటు. దీవిలో మారింది లెక్క అవసరం. వాలింగ్‌టన్‌లో గుడ్డు తక్కువైతే పొరుగింటికి పోవచ్చు. బార్న్‌హిల్‌లో కిరోసిన్ అంచనా తప్పితే చీకట్లో కూర్చోవాలి. 1946 జులై నుంచి రెండేళ్లపాటు బ్రిటన్‌లో రొట్టె కూడా రేషన్‌లోకి వెళ్లింది; ఆ కాలంలో 25 మైళ్ల అవతల దుకాణమున్న ఇంటికి పద్దు అన్నది కాలక్షేపం కాదు. పైగా ఈ రెండు కాలాల మధ్య ఆయన జీవితంలో బి.బి.సి. ఉద్యోగం వచ్చి పడింది. 1941 నుంచి 1943 వరకు తూర్పు దేశాల విభాగంలో భారతదేశ శ్రోతల కోసం ప్రసారాలు తయారుచేస్తూ, ప్రభుత్వ అవసరాన్ని బట్టి సమాచారం ఎలా రూపం మార్చుకుంటుందో లోపలి నుంచి చూశాడు. సత్య మంత్రిత్వ శాఖకు నమూనా లండన్‌లోనే దొరికింది. దానిని తూచడానికి కావలసిన రాయి గృహదినచర్యలో ఉంది. జూరాలో ఈ రెండూ మొదటిసారి ఒకే బల్ల మీదికి వచ్చాయి.

ఆటుపోట్ల పట్టిక

జూరాకూ దాని ఉత్తరాన ఉన్న స్కార్బా దీవికీ మధ్య కోరివ్రెకాన్ అనే జలసంధి ఉంది. ఆటుపోట్లు మారే వేళల్లో అక్కడ ఏర్పడే సుడిగుండం ఐరోపాలోనే పేరుమోసినది. 1947 ఆగస్టులో దీవి పడమటి తీరాన కొన్ని రోజులు గడిపి, కుమారుడితోను, అన్నగారి వరసలో వచ్చే బంధువుల పిల్లలతో కాదు, సొంత అక్క పిల్లలతోను పడవలో తిరిగి వస్తున్న ఆర్వెల్ ఆటుపోట్ల వేళను తప్పుగా లెక్కించి ఆ సుడి అంచుల్లో చిక్కుకున్నాడు. పడవ ఇంజను ఊడి సముద్రంలో మునిగిపోయింది. తెడ్లతో ఒక రాతి దిబ్బను చేరుకునేసరికి పడవ బోల్తాపడింది. మూడేళ్ల రిచర్డ్‌ను నీటిలోంచి పైకి తీశారు. లాబ్‌స్టర్ల వేటకు వచ్చిన జాలరులు వారిని ఒడ్డుకు చేర్చారు. దినచర్యలో ఈ ఘటన కొద్ది వాక్యాలే. అందరూ దాదాపు మునిగిపోయేవారేనన్న మాటకూ ఇంజను పోయిందన్న మాటకూ స్వరంలో తేడా కనబడదు.

విన్‌స్టన్ దినచర్య తొలి పుటలో శరణార్థుల పడవ మీద బాంబు పడే దృశ్యం ఉంది. తల్లి ఒడిలో మూడేళ్ల పిల్లవాడు ఉన్నాడు. కోరివ్రెకాన్‌ను ఈ దృశ్యానికి ముడిపెట్టాలన్న ప్రలోభం బలమైనదే. కానీ నవల ఆరంభ భాగపు చిత్తుప్రతి 1946 వేసవిలోనే మొదలై, ఆ సెప్టెంబరుకు యాభై పుటల వరకు వచ్చింది. ప్రమాదం జరిగింది మరుసటి ఏడు. ఇలాంటి పోలికల మీద కట్టిన విమర్శ నిలవదు. తల్లీ చెల్లెలూ మునిగే ఓడలో నుంచి తన వైపు చూస్తున్నట్లు విన్‌స్టన్‌కు వచ్చే కల విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం.

కోరివ్రెకాన్ పాఠం వేరే చోట పనికి వస్తుంది. ఆటుపోట్లు మనిషి అభిప్రాయాన్ని బట్టి నడవవు. లెక్క తప్పితే తప్పిందన్న సంగతి సముద్రం వెంటనే తెలియజేస్తుంది. నవల మూడో భాగంలో ఓబ్రయన్ దీనికి సరిగ్గా ఎదురు వాదన చేస్తాడు. ప్రకృతి నియమాలు పార్టీ చేసేవేనని, తాను తలచుకుంటే సబ్బు బుడగలా నేల మీద నుంచి తేలిపోగలనని అంటాడు. గదిలో గోడల మధ్య కూర్చున్నవాడు మాత్రమే అనగల మాట అది. పడవలో ఉన్నవాడు అనలేడు.

మరో చిన్న విషయం. జూరా ప్రకృతి నవలలో ఎక్కడా లేదు. విన్‌స్టన్ కలల్లో వచ్చే ‘బంగారు సీమ’ కుందేళ్లు మేసిన పచ్చిక, ఎల్మ్ చెట్లు, మెల్లగా పారే ఏరు ఉన్న దక్షిణ ఇంగ్లండ్ పల్లెసీమ. హెబ్రిడీస్ బోడి కొండలకూ దానికీ పోలిక లేదు. ఉత్తర సముద్రాలు నవలలో కనిపించేది ఒకే రకంగా: ఐస్‌లాండ్‌కూ ఫారో దీవులకూ మధ్య లంగరు వేసిన తేలే సైనిక దుర్గం గురించి టెలిస్క్రీన్ గొప్పలు చెబుతుంటుంది. ఆల్డస్ హక్స్‌లీ తన ‘బ్రేవ్ న్యూ వరల్డ్’లో అసమ్మతివాదులను దీవులకు పంపించాడు. దీవిలో కూర్చొని రాసిన ఆర్వెల్ తన పాత్రలకు ఒక్క దీవినీ మిగల్చలేదు. ఏకాంతవాసం నవలలోకి ప్రవహించిందనేవారు ముందుగా వివరించవలసిన విషయమిది.

గేలిక్, న్యూస్పీక్

జూరా గేలిక్ భాష మాట్లాడే దీవి. 1947 ఫిబ్రవరి 14 ‘ట్రిబ్యూన్’లో వచ్చిన శీర్షికలో ఆర్వెల్ ఆ భాష గురించి రాసినది తెలుగు విభాగాల్లో చదవదగినది. కొన్ని లక్షలమంది మాత్రమే మాట్లాడే ప్రాచీన భాషను బతికించాలనుకోవడం అర్థంలేని పని అని ఒకప్పుడు తాను అనుకునేవాడినని, ఇప్పుడు అంత నిశ్చయంగా చెప్పలేనని ఒప్పుకున్నాడు. తమకొక ప్రత్యేక సంస్కృతి ఉందని, భాష అందులో భాగమని జనం భావిస్తే, వారు పిల్లలకు దాన్ని సరిగా నేర్పుకోవడానికి అడ్డుపడకూడదన్నాడు. రెండు భాషల్లో మెలగడమే ఒక విద్య అన్నాడు. గేలిక్ మాట్లాడే రైతులు చక్కటి ఇంగ్లీషు మాట్లాడడానికి కారణం వారికి ఇంగ్లీషు దాదాపు పరాయి భాష కావడమే, కొన్ని రోజులపాటు దాన్ని వాడకుండానే గడపగలగడమే అని గమనించాడు. ఈ చివరి పరిశీలన దీవిలో చెవితో విన్నవాడిది.

బర్మాలో పోలీసు ఉద్యోగం చేసినవాడు, సామ్రాజ్యాన్ని ద్వేషించినవాడు, తన దేశపు పొరుగు భాష విషయంలో అంతవరకు సామ్రాజ్య కేంద్రపు వైఖరితోనే ఉన్నాడన్నది ఇక్కడ తేలుతుంది. అది మారింది 1946 వేసవి తరువాత. అదే కాలంలో న్యూస్పీక్ నవలలో రూపుదిద్దుకుంటోంది. ఏటేటా పదాలు తగ్గిపోయే ఏకైక భాషగా నిఘంటుకారుడు సైమ్ దాన్ని మురిపెంగా వర్ణిస్తాడు. సాధారణంగా న్యూస్పీక్‌ను 1946లో వచ్చిన ‘రాజకీయాలు – ఇంగ్లీషు భాష’ వ్యాసంతో కలిపి చదువుతారు, అది సరైనదే. కానీ ఆ వ్యాసం ఒక భాష లోపల పట్టిన తుప్పు గురించి మాట్లాడుతుంది. మొత్తం ఒక భాష మాట్లాడేవారి నోటి నుంచి తొలగిపోవడం, దానితో ఒక జ్ఞాపకం తొలగిపోవడం అన్న ఆలోచనకు గేలిక్ శీర్షికే దగ్గరి చుట్టం. నవల చివరి న్యూస్పీక్ అనుబంధాన్ని తీసివేస్తే పుస్తకాన్ని స్వీకరిస్తామని అమెరికాలోని ఒక పెద్ద పుస్తక సంఘం అడిగినప్పుడు, భారీ ఆదాయం పోయే ప్రమాదం ఉన్నా ఆర్వెల్ అంగీకరించలేదు. సంఘం చివరకు పుస్తకాన్ని యథాతథంగానే తీసుకుంది.

అదే శరత్తులో గాంధీ

1948 జులై చివరిలో ఆస్పత్రి నుంచి బార్న్‌హిల్ చేరిన ఆర్వెల్ నవలను తిరగరాస్తూనే గాంధీజీ ఆత్మకథపై ఒక వ్యాసం పూర్తిచేశాడు. అది 1949 జనవరి ‘పార్టిజన్ రివ్యూ’లో వెలువడింది. ఆత్మకథ మొదటి అధ్యాయాలను అది తొలిసారి వెలువడుతున్న రోజుల్లోనే ఒక భారతీయ పత్రికలో చదివిన జ్ఞాపకం ఆయనకు ఉంది. వ్యాసం గాంధీజీ పట్ల గౌరవాన్నీ విముఖతనూ దాచకుండా నడుస్తుంది. విమర్శకులు ఎక్కువగా పట్టించుకున్నది అందులోని రాజకీయ వాదం: ప్రత్యర్థులు అర్ధరాత్రి అదృశ్యమై మళ్లీ కనబడని దేశంలో, పత్రికా స్వేచ్ఛా సభాస్వేచ్ఛా లేనిచోట, సత్యాగ్రహం ఎవరిని కదిలించగలదన్న ప్రశ్న. ఓషియానియా గురించి రాస్తున్నవాడు ఆ ప్రశ్న అడగడంలో ఆశ్చర్యం లేదు.

వ్యాసం గుండె మాత్రం మరోచోట, ఒక పథ్యపు వంటకం దగ్గర ఉంది. ‘సత్యశోధన’లో గాంధీజీ కుమారుడు మణిలాల్‌కు టైఫాయిడ్ వచ్చినప్పుడు వైద్యుడు గుడ్లు, కోడిమాంసం రసం పెట్టమంటారు. గాంధీజీ ఒప్పుకోరు. ఇలాంటి సందర్భాలు ఆత్మకథలో మూడున్నాయని ఆర్వెల్ ఎత్తిచూపుతాడు. ప్రాణం నిలుపుకోవడానికి చేయగూడని పనులు కొన్ని ఉంటాయన్నది ఆయనకూ సమ్మతమే. ఆ హద్దు కోడిరసం దగ్గర ఉండరాదన్నదే ఆయన పట్టు. ఇది రాసిన చెయ్యే ఆ రోజు గుడ్ల సంఖ్యను దినచర్యలో వేసింది. నాలుగేళ్ల కొడుకు పక్క గదిలో ఉన్నాడు. గృహస్థు ఇంట్లో హింస తప్పనిసరి అని, పొయ్యీ రోలూ చీపురూ కూడా హింసాస్థానాలేనని మన ధర్మశాస్త్రం పంచసూనల పేరుతో ఒప్పుకుంది. దానికి ప్రాయశ్చిత్తం చెప్పింది గాని ఇల్లు విడవమనలేదు. ఆర్వెల్ వాదం ఆ గృహస్థుడి పక్షాన నిలుస్తుంది. ఇతర మనుషులమీద ప్రేమ పెట్టుకున్నందుకు చివరకు విరిగిపోవడానికి సిద్ధపడి ఉండడమే మానవత్వమన్నది ఆ వాదపు సారం. విన్‌స్టన్, జూలియా అలాగే విరిగిపోతారు. వ్యాసంలో అది మనిషి చెల్లించడానికి ఒప్పుకున్న మూల్యం. నవలలో రాజ్యం పసిగట్టి వాడుకున్న బలహీనత. ఒకే భావాన్ని రెండు వైపుల నుంచి చూసిన ఈ రెండు రచనలనూ విడివిడిగా చదవడం వల్ల రెండింటికీ నష్టం జరిగింది.

శరీరపు లెక్క

వ్యాధి విషయానికి తిరిగి వస్తే, అది నవలపై ప్రభావం చూపలేదనడం సాధ్యం కాదు. రాస్తున్నప్పుడు అంత జబ్బుగా ఉండడంవల్ల పుస్తకం కొంత చెడిందని 1949 ఫిబ్రవరిలో ఆర్వెల్ స్వయంగా ఒక మిత్రుడికి రాశాడు. ప్రభావం ఏ రూపంలో ఉందన్నదే ప్రశ్న.

1948 ఫిబ్రవరిలో, ఆస్టర్ సాయంతో అమెరికా నుంచి తెప్పించిన స్ట్రెప్టోమైసిన్‌ను ఆయనకు ఇవ్వడం మొదలుపెట్టారు. అప్పటికి బ్రిటన్‌లో అది అరుదైన మందు. ఆయన దేహం దాన్ని తట్టుకోలేక, దాదాపు 50 రోజుల తరువాత ఆపివేయవలసి వచ్చింది. మరచిపోకముందే రాసిపెట్టాలని మరుసటి ఏడాది మార్చిలో ఆయన ఆ లక్షణాలను నోటుపుస్తకంలో వరుసగా నమోదు చేశాడు: చర్మం ఎర్రబడడం, గొంతులో పొక్కులు, రాత్రి పెదవుల పుండ్లు కారిన నెత్తురు ఎండి తెల్లవారేసరికి నోరు అతుక్కుపోవడం, గోళ్లు మొదళ్లలో చితికిపోవడం, జుట్టు రాలడం. గుడ్లను లెక్కించిన పద్ధతిలోనే ఆయన తన శరీరాన్నీ లెక్కించాడు. నొప్పి ఉంది, ఫిర్యాదు లేదు.

1948 వేసవి తరువాత తిరగరాసిన మూడో భాగంలో ప్రేమ మంత్రిత్వ శాఖలోని అద్దం ముందు విన్‌స్టన్ తన శరీరాన్ని చూస్తాడు. ఆస్పత్రి అనుభవం ఆ దృశ్యంలో ఉందని పలువురు అన్నారు. కాదనడానికి ఆధారం లేదు. అయితే పోలిక ఆగిపోయే చోటే ముఖ్యం. ఆస్పత్రిలో రోగి తన శరీరాన్ని తానే వర్ణించుకున్నాడు. నవలలో వర్ణన బాధితుడి చేతి నుంచి జారిపోతుంది. ఓబ్రయన్ అతడి జుట్టు పీకి చూపిస్తాడు, పన్ను ఊడదీస్తాడు, చీలమండ పైనున్న పుండును ప్రస్తావిస్తాడు, మా చేతికి చిక్కిన తరువాత 25 కిలోల బరువు తగ్గావని అంకెతో సహా చెబుతాడు. నవలలో పార్టీ చెప్పిన అంకెల్లో బహుశా ఇదొక్కటే నిజమైనది. బూట్ల జతల విషయంలో సత్యం అక్కర్లేని రాజ్యం, మనిషి శరీరం విషయంలో మాత్రం కచ్చితమైన పద్దు రాసుకుంటుంది. వ్యాధి నవలకు ఇచ్చింది విషాదం అనుకుంటే ఈ దృశ్యంలోని అసలు భయానకత చేజారిపోతుంది. తన గోళ్ల గురించి తానే రాసుకోగల స్వాతంత్ర్యం ఎంత పెద్దదో ఆ ఏడాది ఆర్వెల్‌కు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

నవల పేరు గురించి ప్రచారంలో ఉన్న కథను కూడా ఈ సందర్భంలో పక్కన పెట్టవచ్చు. 1948 అన్న అంకెను తిరగేసి 1984 చేశాడంటారు. లిఖితప్రతిలో సంవత్సరం మొదట 1980, తరువాత 1982, ఆపైన 1984గా మారింది. రచన ఆలస్యమైన కొద్దీ సంవత్సరమూ జరిగింది. 1944లో పుట్టిన రిచర్డ్‌కు ఆ ఏటికి 40 ఏళ్లు వస్తాయి. విన్‌స్టన్ తనకు ఉన్నాయనుకునే వయసూ దాదాపు అంతే. అంకెల గారడీకన్నా ఒక తండ్రి వేసుకున్న వయసు లెక్కకు ఇది దగ్గరగా ఉంది.

శుద్ధప్రతి టైపు చేయడానికి జూరాకు రాగల టైపిస్టు దొరకలేదు. 1948 నవంబరులో, ఎక్కువ భాగం పడక మీదే ఉండి, ఆర్వెల్ తానే టైపు చేశాడు. డిసెంబరు మొదటివారంలో అది ముగిసింది. గృహదినచర్య మరికొన్ని రోజులు సాగింది. డిసెంబరు 24న రాసిన నమోదులో రెండు రాత్రుల మంచు, ప్రశాంతంగా ఉన్న సముద్రం, ఆవ్రిల్‌కు పట్టిన జలుబు ఉన్నాయి. క్రిస్మస్ విందుకు ఉంచిన బాతు తప్పించుకుపోయి, ఒక మైలు దూరాన సముద్రంలో ఈదుతూ దొరికింది. మంచుపూల మొలకలు అంతటా పైకి వచ్చాయి, ట్యులిప్‌లు కొన్ని కనబడుతున్నాయి. 1949 జనవరి మొదట్లో ఆయనను గ్లోస్టర్‌షైర్‌లోని క్రానమ్ శానిటోరియంకు తీసుకుపోయారు. నవల జూన్ 8న వెలువడింది. 1950 జనవరి 21న లండన్ ఆస్పత్రిలో మరణించేనాటికి ఆయన గది మూల చేపల గాలం ఒకటి పెట్టి ఉంది.